రాజలింగు ఫోను గొంతు

మా అమ్మ మాట వినని ఫోను రాజలింగు మాట వింది. ఇక్కడ మొదలుపెడితేనే ఆయన ఎలాంటి మనిషో తెలుస్తుంది. అమ్మకి పన్ను కదిలితే ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతల మనిషి లేరు, రికార్డు చేసిన ఆడగొంతు ఉంది. "మీకు ఏ విభాగం కావాలి?" అని అది అడిగితే, మా అమ్మ ఆ పన్ను ఎవరి పెళ్ళిలో ఏ జంతిక కొరికినప్పుడు కదిలిందో మొదలుపెట్టింది. "మన్నించండి, మీరు చెప్పింది అర్థం కాలేదు" అంది గొంతు. అమ్మ మళ్ళీ పెళ్ళి దగ్గర్నుంచి ఎత్తుకుంది. మా ల్యాబ్ నుంచి ఏదో పార్సిల్ ఇవ్వడానికి తార్నాకలోని మా ఇంటికి వచ్చిన రాజలింగు, గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, ఇటివ్వండమ్మా అని ఫోను అందుకున్నాడు. కాలరు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "దంత వైద్య విభాగం," అన్నాడు. "గురువారం. ఉదయం." పని అయిపోయింది. అమ్మ ఆయనకి చుట్టాలకిచ్చే కప్పులో కాఫీ ఇచ్చింది.

నా పేరు కాత్యాయని. మావాళ్ళు భీమవరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. నేను పుట్టిందీ, పెరిగిందీ, ఇప్పుడు జీతం తీసుకుంటున్నదీ ఈ చుట్టుపక్కలే. యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఫోన్లో మాట్లాడే యంత్రాలకి మనుషుల మాట అర్థమయ్యేలా నేర్పే ల్యాబ్‌లో ప్రాజెక్టు అసిస్టెంటుని. గొప్పగా వినిపిస్తుంది గానీ, నా పని ఏమిటంటే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరెవరో ఫోన్లలో అన్న మాటలు విని టైపు చెయ్యడం. నాకు అసలే కోపం జాస్తి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ దగ్గులూ, గొణుగుళ్ళూ, "హలో హలో వినబడుతుందా"లూ వింటూ కూర్చుంటే ఆ కోపం తగ్గుతుందా, మీరే చెప్పండి.

రాజలింగు మా ల్యాబ్‌లో అటెండరు. తాళాలు, మంచినీళ్ళ క్యాను, ప్రింటరు, ఎప్పుడూ అలిగి కూర్చునే ఏసీ, అన్నీ ఆయన చేతిలోనివే. జనగామ వైపు పల్లెటూరాయన. వయసులో ఉన్నప్పుడు క్యాంపస్ హాస్టలు మెస్సులో పనికి చేరి, అటు తిరిగి ఇటు తిరిగి మా ల్యాబ్‌కి వచ్చాడు. మాతో మామూలుగా ఆయన మాటే మాట్లాడతాడు. "గీడ పెట్టిన మేడం, సూస్కోండి" అంటాడు. చేతికి ఫోను తగిలిందా, ఇక ఆయన వార్తలు చదివే మనిషి. అక్షరం అక్షరం విడివిడిగా, ఇస్త్రీ చేసినట్టు పలుకుతాడు.

ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే చెప్పాడు. మెస్సులో కొత్తగా చేరినప్పుడు కాచిగూడలో ఓ హోల్‌సేలు కొట్టుకి ఫోన్ చేసి సరుకులు చెప్పమన్నారట. ఈయన చెప్పాడు. అవతల గుమస్తా పగలబడి నవ్వి, పక్కవాళ్ళని కూడా పిలిచి, ఇంకోసారి చెప్పు ఇంకోసారి చెప్పు అని మూడు నాలుగుసార్లు చెప్పించుకున్నాడట. మర్నాటి నుంచి రాజలింగు రేడియోలో వార్తలొచ్చే వేళకి మెస్సు వంటగదిలో చేరి, బియ్యం ఏరుతూ, వార్తల వెనకాలే ప్రతి మాటా పైకి అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఫోన్లో ఎవరూ నవ్వలేదు. ఈ సంగతి ఆయన నవ్వుతూనే చెప్పాడు, నాకే ఆ గుమస్తా దొరికితే నాలుగు దులపాలనిపించింది.

ఆయన ఇల్లు లాలాగూడలో, రైల్వే క్వార్టర్స్ వెనక సందులో. రెండు గదులు, ముందు అరుగు. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వెళ్ళేసరికి ఆ అరుగు నిండుతుంది. గ్యాసు బుక్ చెయ్యాలని ఒకరు, కరెంటు పోయిందని చెప్పాలని ఒకరు, ఆసుపత్రిలో చీటీ కావాలని ఒకరు. ఇప్పుడు అన్నిచోట్లా యంత్రాలే ఫోనెత్తుతున్నాయి కదా, ఆ యంత్రాలకి సందులో వాళ్ళ మాట పడదు. వీళ్ళు బేస్తారం అంటారు, దానికి గురువారమే తెలుసు. వీళ్ళు మాపటికి అంటారు, దానికి సాయంత్రం కావాలి. అందుకని అందరూ రాజలింగు దగ్గరికే. ఆయన కూడా తక్కువ తినలేదు. యంత్రానికి ఫోన్ చేసే ముందు తల దువ్వుకుంటాడు. ఇదేం విడ్డూరమయ్యా, దానికి నువ్వు కనబడతావా అంటే, మర్యాద మర్యాదే కద మేడం అంటాడు.

ఆయన భార్య పోయి కొన్నేళ్ళయింది. కూతురు పెళ్ళయి వరంగల్లో ఉంది. భార్య పోయిన కొత్తల్లో ఇంటికి వెళ్ళబుద్ధి కాక ల్యాబ్‌లోనే చీకటి పడేదాకా కూర్చునేవాడట. ఒకరోజు బస్‌స్టాపులో తనంతట తనే అన్నాడు నాతో.

"ఇప్పుడు తాళం తీసేటాల్లకే ఎవలో ఒకలు అరుగు మీద కూసొని ఉంటరు మేడం. గందుకే ఇంటికి పోబుద్దయితది. గా ఫోన్లు లేకుంటే నా మొకం ఎవలు సూస్తరు?"

అంతలో బస్సు వచ్చింది, ఎక్కేశాను. కానీ ఆ మాట మటుకు నాతోనే ఉండిపోయింది.

ఇలా ఉండగా మా ప్రొఫెసరు కొండలరావు గారికి ఓ ప్రాజెక్టు వచ్చింది. ఒక ఆసుపత్రి, పేరు చెప్పను, తన ఫోన్ లైన్‌ని బాగుచెయ్యమని అడిగింది. నగరంలో పాత బస్తీల నుంచి, పేటల నుంచి చేసేవాళ్ళలో చాలామంది మాట ఆ లైనుకి అర్థం కావడం లేదు. రెండుసార్లు మన్నించమని, మూడోసారి ఫోను పెట్టేస్తోంది. దానికి వైద్యం ఒకటే. అలాంటివాళ్ళ గొంతులు బోలెడన్ని ఫోన్లో రికార్డు చేసి, వాళ్ళ ఒప్పుదలతోనే సుమండీ, ఆ యంత్రానికి వినిపించి వినిపించి నేర్పాలి. గొంతులు ఎక్కణ్ణుంచి తేవాలి అని సారు గడ్డం గోక్కుంటుంటే, టీ గ్లాసులు తీస్తున్న రాజలింగు, మా సందు సందంతా నేను పట్టుకొస్తాను సార్ అన్నాడు. సారు కుర్చీలోంచి లేచి మరీ ఆయన చెయ్యి పట్టుకున్నారు.

తీసుకొచ్చేవాడు ఊరికే తీసుకురావచ్చుగా. రాజలింగు పరువుగల మనిషి. తన సందు యూనివర్సిటీతో మాట్లాడబోతోంది, అక్కడ ఎవరైనా నవ్వితే? రికార్డింగుకి ముందు సాయంత్రాలు అరుగు మీద ట్రైనింగు పెట్టాడు. అయితారం అనొద్దు, ఆదివారం. దవాఖాన కాదు, ఆసుపత్రి. పొద్దుగాల కాదు, ఉదయం. సందు మూల కిరాణా కొట్టు నడిపే ప్రమీలమ్మ అందరికన్నా బాగా పట్టేసింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన శామ్యూల్ గారు "కండ్లు మసకగ కొడుతున్నయ్" అనే మనిషి, "నా నేత్రములకు దృష్టి మందగించినది" దాకా వచ్చేశాడు. రికార్డింగు రోజు నేను వెళ్ళి చూద్దును కదా, ఆడవాళ్ళు పెట్టెలోంచి తీసిన పట్టుచీరలు కట్టుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నారు. టీవీలు కట్టేయించాడు. ఎవరూ కుక్కరు పెట్టకూడదన్నాడు. సందులో ఆటో కూడా రాకుండా మూల మీద తన సైకిలు అడ్డం పెట్టాడు.

ఆ రికార్డింగులు విని మేం మురిసిపోయాం. ఒక్క దగ్గు లేదు, ఒక్క తడబాటు లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత హాయిగా టైపు చేసింది లేదు. సారు వాటితో యంత్రానికి పాఠం చెప్పారు. అందులోంచే కొన్ని పక్కన పెట్టి వాటితోనే పరీక్ష పెట్టారు. యంత్రం ఫస్టు క్లాసులో పాసైంది. అందరం పుల్లారెడ్డి మిఠాయి తిన్నాం. ఇంతమందిమి ఉన్నాం, లాలాగూడ మనుషులు ఇలా మాట్లాడతారా అని మాలో ఒక్కరికీ తట్టలేదు. తట్టదు. సారుకీ నాకూ అది చక్కటి తెలుగులా వినిపించింది, అంతే.

ఆసుపత్రివాళ్ళు కొత్త యంత్రానికి విడిగా ఒక నంబరిచ్చి, ముందు లాలాగూడలోనే పంచి చూశారు. చూస్తే ఏముంది, పాతదే నయం. మాట మొదలుపెట్టీ పెట్టకముందే మన్నించమంటోంది. సారు మొహం వాడిపోయింది. ల్యాబ్‌లో ఆ వారం హుషారుగా ఉన్నది రాజలింగు ఒక్కడే. అరుగు మీద ఎప్పుడూ లేనంత రద్దీ మరి. ఏదో పాట కూనిరాగం తీస్తూ క్యాను మార్చాడు.

అర్థం కాని ఫోన్లన్నీ వినమని నాకు ఇచ్చారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. వెనకాల కుక్కరు కూస్తోంది, ఎవరో పిల్లవాణ్ణి తిడుతున్నారు, రైలు పోతోంది, ఆ గోలలో ఒక ముసలాయన: "ఆఁ, గదేనమ్మా, కండ్లు. ఎడమ కన్ను బగ్గ గుంజుతున్నది. రేపు బేస్తారం రావాల్నా? పొద్దుగాల్నే వస్త." ఈ గొంతు నాకు తెలుసే అనుకున్నాను. పాత రికార్డు తీసి పక్కన పెట్టి విన్నాను. నేత్రములకు దృష్టి మందగించిన శామ్యూల్ గారే.

కోపం నషాళానికి అంటింది. ఎవరి మీదో కూడా తెలియని కోపం. ఇన్ని వారాలు మేం యంత్రానికి లాలాగూడ మాట నేర్పలేదు, రాజలింగు ఫోను గొంతు నేర్పాం. సందంతా ఆయన గొంతు తొడుక్కుని వచ్చింది. ఆయన మాటల్ని వినే యంత్రం ముందే ఉందిగా, దానికి మేమెందుకు? సారు నవ్వాలో ఏడవాలో తెలియక రెండు రికార్డులూ మార్చి మార్చి విన్నారు. వచ్చే సమీక్షలోగా బాగుపడకపోతే ఆసుపత్రి ప్రాజెక్టు మానేస్తుంది, ఆ లైను అలాగే ఉండిపోతుంది అన్నారు. మళ్ళీ రికార్డు చెయ్యాలి, ఈసారి వాళ్ళ మాటలో. సందులోవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టగలిగింది రాజలింగు ఒక్కడే. అడిగే పని నాకు పడింది.

రాజలింగుని కూర్చోబెట్టి శామ్యూల్ గారి రెండు గొంతులూ వినిపించాను. మొదటిది వింటున్నప్పుడు ఆయన పెదవులు కూడా కదిలాయి, తను నేర్పిన పాఠమే కదా. రెండోది విన్నాక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. విషయం పూర్తిగా అర్థమైందని ఆయన మొహంలోనే తెలిసింది. హెడ్‌ఫోన్ల తీగ చుట్టి పెడుతూ అడిగాడు.

"మెషిన్‌కు మా మాట తెల్సిందనుకోండి. ఇగ నా దగ్గరికి ఎవలొస్తరు మేడం?"

నా నోరు ఊరుకుంటుందా. మీ అరుగు నిండటం కోసం లాలాగూడంతా ఫోనుకి దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చోవాలా అనేశాను. ఆయన టీ గ్లాసులు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. అన్నది తప్పు మాటేమీ కాదు, కానీ ఆ బస్‌స్టాపు మాట విన్నదాన్ని నేనే కదా.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి, ఏసీ వెయ్యకుండానే నా బల్ల ముందు నిలబడ్డాడు. జరిగింది చెప్పాడు. నేను ఆ మాట అన్న రోజు సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళేసరికి శామ్యూల్ గారు అరుగు మీద ఉన్నాడట. కన్ను ఎర్రగా వాచి ఉంది. పొద్దున తనే ఫోన్ చేస్తే యంత్రం పెట్టేసింది. రాజలింగు డ్యూటీలో ఉంటాడు, పనిలో ఉన్నవాణ్ణి పిలవడమెందుకని, అక్కడే కూర్చున్నాడు. సాయంత్రం రాజలింగు ఫోన్ చేసేసరికి మర్నాటి చీటీలన్నీ అయిపోయాయి. దాంతో ఈయన సెలవు పెట్టి, శామ్యూల్ గారిని వెంటబెట్టుకుని నేరుగా వెళ్ళి, వరసలో నిలబడి చూపించుకొచ్చాడు. కన్నుకి ప్రమాదం లేదన్నారు, చుక్కల మందు ఇచ్చారు.

"పొద్దుగాల్నుంచి నా కోసమే కూసున్నడు మేడం," అన్నాడు. "నాకు మస్తు మంచిగనిపియ్యాలె గద. అనిపియ్యలే. రికార్డు పెడదాం, పట్టుండ్రి."

ఇక పట్టాం. కానీ పట్టినంత తేలికా? ముందు నేను ఫోన్ చేశాను. నా నోట్లోంచి "నమస్కారమండి, యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాను" అని రావడమే ఆలస్యం, అవతల ప్రమీలమ్మ పట్టుచీర కట్టేసుకుంది. "నమస్కారములు. నాకు సోమవారము ఉదయము..." మీ మాటలోనే చెప్పండమ్మా అంటే, ఇదే నా మాట అని అలిగింది. నా తెలుగు వింటే వాళ్ళు తమ తెలుగు దాచేస్తున్నారు. నా వల్ల కాదని తేలిపోయింది.

మీరే చెయ్యండి అని రాజలింగుకి ఫోనిచ్చాను. కాలరు సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మీకు ఏ విభాగం కావాలి?" అన్నాడు. "నేత్ర విభాగము" అని ప్రమీలమ్మ టకీమని అప్పజెప్పింది. గురువు అడిగితే శిష్యురాలు పాఠం కాక ఇంకేం చెబుతుంది? ఆయన ఫోను పెట్టేశాడు. మంచినీళ్ళు తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలోనే పట్టుకుని ఫోను వంక చూశాడు. ఎదురుగా ఉన్న మనిషితో రోజంతా మాట్లాడే మాటే. అదే మాట ఫోన్లో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. కాచిగూడ గుమస్తా నవ్విన రోజు తర్వాత మాట్లాడలేదు.

మళ్ళీ నంబరు నొక్కాడు. ఈసారి కాలరు ముట్టుకోలేదు.

"ఏమైందే అక్కా, ఏడ నొస్తున్నది?" అన్నాడు.

అవతల ప్రమీలమ్మ పెద్దగా నవ్వింది. రాజలింగు మొహంలో రంగు పోయింది. పెట్టేస్తాడనే అనుకున్నాను, పెట్టలేదు. "నగుతవేందే, అడిగినదానికి జెప్పు. మోకాళ్ళా, నడుమా? ఎన్నడొస్తవ్?" అన్నాడు. ఇక చూడండి, ఆవిడ గట్టు తెగిన చెరువే. మోకాళ్ళు లేస్తే కూసోనిస్తలేవట, కూసుంటే లేవనిస్తలేవట, బేస్తారం కొట్టు బంద్ ఉంటది కాబట్టి గప్పుడొస్తదట, పొద్దుగాల అయితది గానీ మాపటికి కాదట, మధ్యలో ఎవరో కొట్టుకొస్తే వాళ్ళకి ఉప్పు ప్యాకెట్టు ఇచ్చి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. నేను ఆ రికార్డింగు లైటు ఎర్రగా వెలుగుతుందో లేదో పదిసార్లు చూసుకున్నాను. సారు తలుపు దగ్గర నిలబడి, లోపలికి వస్తే ఎక్కడ చెడుతుందోనని అలాగే ఉండిపోయారు.

ఆ నెలంతా రాజలింగుదే రాజ్యం. మధ్యాహ్నాలు ఫోను ముందు కూర్చుని యంత్రం అడగాల్సిన ప్రశ్నలన్నీ తనే అడిగేవాడు. కుక్కర్లు కూశాయి, ఆటోలు వచ్చాయి, టీవీలు మోగాయి, దేన్నీ ఆపలేదు. సందులో అందరూ అయిపోయాక వాళ్ళ చుట్టాలు, విద్యానగర్లో ఇళ్ళల్లో పనిచేసే వదినలు, మేడ్చల్ మరదళ్ళు వరస కట్టారు. టైపు చేసి చేసి నా వేళ్ళు పడిపోయాయి, తిట్టుకుంటూనే చేశాను. ఒకసారి తల ఎత్తి చూస్తే రాజలింగు ఫోన్లో ఎవరినో ఏడిపిస్తూ పకపకా నవ్వుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

ఈసారి పరీక్ష పాఠంలోంచి పెట్టలేదు. నిజంగా వచ్చిన ఫోన్లతోనే పెట్టారు. యంత్రం ఫస్టు క్లాసు కాదు గానీ నికరంగా పాసైంది. బేస్తారం తెలిసింది దానికి. గుంజుడు తెలిసింది. శామ్యూల్ గారు రెండోసారి చూపించుకోవడానికి ఇంట్లో మంచం మీద కూర్చునే చీటీ తీసుకున్నాడు. సమీక్షకి వచ్చిన ఆసుపత్రివాళ్ళు సారుకి శాలువా కప్పబోతే, ఆయన ఇది నాది కాదంటూ రాజలింగుని వెతికారు. రాజలింగు ఏసీ దగ్గర నిచ్చెన ఎక్కి ఉన్నాడు, నిచ్చెన మీదే కప్పించుకున్నాడు.

ఆ తర్వాతే నాకు దిగులు మొదలైంది. సాయంత్రం అందరూ వెళ్ళినా ఆయన వెళ్ళడు. కుర్చీలు సర్దినవే మళ్ళీ సర్దుతాడు. ఇంటికి వెళ్ళరా అంటే, పోత మేడం, తొందరేమున్నది అంటాడు. ఉండబట్టలేక ఒక ఆదివారం సాయంత్రం, మా అమ్మ చేసిన సున్నుండలు డబ్బాలో పెట్టుకుని లాలాగూడ వెళ్ళాను. అరుగు ఖాళీ. చివర ఒక్కడే కూర్చుని ఉన్నాడు, దువ్విన తల, ఉతికిన చొక్కా. పక్కన ఫోను. సందులో జనం వెళుతున్నారు, వస్తున్నారు, ఇటు ఓ చూపు చూసి, ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, వెళ్ళిపోతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది.

వాళ్ళు రాకపోతే మీరే వెళ్ళొచ్చుగా, కాళ్ళు లేవా అని అరిచాను. ఆయన తల దించుకుని, పని లేకుండా ఒకరింటికి ఎట్ల పోవాలె మేడం అన్నాడు. భార్య ఉన్నప్పుడు ఆవిడ వెళ్ళేది, ఆవిడ వెనక ఈయన వెళ్ళేవాడు. ఆవిడ పోయాక ఎవరి గడపా తొక్కలేదట. ఒంటి మగవాడు, ఏమని పోతాడు, ఎందుకొచ్చినవంటే ఏం చెబుతాడు. సున్నుండలున్నాయిగా, అవి ఇవ్వడానికొచ్చానని చెప్పండి అన్నాను. లేపి, దాదాపు తోసుకుంటూ ప్రమీలమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. తీరా గుమ్మం ముందు నిలబడ్డాక చూస్తే డబ్బా అరుగు మీదే మరిచిపోయాం.

ప్రమీలమ్మ చిక్కుడుకాయలు వొలుస్తోంది. ఈయన్ని చూసి చేతిలో కాయ అలాగే పట్టుకుని లేచింది. ఏం పని పడింది తమ్మీ అని కంగారుగా అడిగింది. రాజలింగు నా వైపు చూశాడు. నేను ఖాళీ చేతులు చూపించాను.

"పనేం లేదక్కా," అన్నాడు. "ఊకెనే వచ్చిన."

అప్పుడే లోపల్నుంచి ఒక అమ్మాయి చేతిలో ఫోను చూసుకుంటూ బయటికొచ్చి, నన్ను చూసి విష్ చేసింది. నేను తెల్లబోయాను. శిరీష. మా క్యాంపస్‌లోనే కంప్యూటర్స్‌లో ఎమ్మెస్సీ చేస్తోంది, మా ల్యాబ్ మెట్ల మీద రోజూ కనబడుతుంది. ఈవిడ కూతురని నాకు తెలియదు. నువ్వుండగా మీ అమ్మ గ్యాసు బుక్ చెయ్యడానికి రాజలింగు గారింటికి ఎందుకమ్మా వెళ్ళేది, నీ ఫోన్లో నిమిషం పని కదా అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ వాళ్ళమ్మ వైపు చూసింది.

ప్రమీలమ్మ మళ్ళీ పీట మీద కూర్చుంది. నాకు కాదు, రాజలింగుకి చెప్పింది.

"మీ ఆమె పొయ్యినంక నువ్వు ఎవలతోని మాట్లాడకపోతివి. ఒకనాడు గ్యాసుకు ఫోన్ చెయ్యమని అడిగితే అరగంట కూసోబెట్టి మాట్లాడితివి. పనుంటెనే మాట్లాడుతడు, మనాది పడ్డ మనిషి అనుకున్నం. ఇగ రోజుకొకలం ఏదో ఒక ఫోను పట్టుకొని వచ్చేది. శామ్యూల్ సారు అసొంటోల్లకు నిజంగనే పని ఉండె, మాకు ఉండకపోయేది. ఇప్పుడు గా ఫోను మంచిగయింది. నెల సంది సూస్తున్న, ఏం పని జెప్పి నీ ఇంటికి రావాల్నో మాకు తోస్తలేదు."

రాజలింగు నిలబడ్డవాడు నిలబడ్డచోటే గడప మీద కూర్చుండిపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను. ప్రమీలమ్మ చేట ఆయన ముందుకు తోసింది. ఏడుసుకుంటనే వొలువు, కూర ఆలస్యమైతున్నది అంది.

ఆయన వొలిచాడు. పీచు తియ్యడం కూడా రాదు ఆయనకి, ప్రమీలమ్మ తిడుతూ చూపించింది. కాసేపటికి ఎదురింటావిడ తొంగి చూసి, రాజలింగన్న గీడున్నడా అని లోపలికొచ్చి కూర్చుంది. ఆవిడ వెనకాల ఇంకొకరు. శామ్యూల్ గారు కూడా వచ్చాడు, కంటికి నల్ల కళ్ళద్దాలతో. కూర్చోబోతూ అలవాటు చొప్పున జేబు తడుముకుని, ఫోను ఇంట్ల మర్చిపోయిన అన్నాడు. ఫర్వాలేదు కూసో సారు అని రాజలింగు జరిగి చోటిచ్చాడు.